లోకమూ నిజమూ: ‘వరవిక్రయం’ నాటకంలో తెలిసీ తప్పుకొనే కుటుంబం

ఉపోద్ఘాతం

మనిషి నిజాన్ని ఎదుర్కొనలేకపోవడానికి అజ్ఞానమే కారణమని సాధారణంగా భావిస్తారు. తెలియనివాడికి తెలియజెబితే సమస్య తీరుతుందని సంస్కరణ సాహిత్యంలో అధిక భాగం విశ్వసించింది. కాని కుటుంబ జీవితంలో తరచూ కనిపించేది మరొక స్థితి. ఇంట్లో అందరికీ విషయం తెలుసు. అది తప్పన్న సంగతీ తెలుసు. ఒకరి దగ్గర ఒకరు దాచినదేమీ లేదు. అయినా జరగకూడనిది అందరి సమక్షంలోనే జరిగిపోతుంది. ఈ స్థితికి అజ్ఞానమన్న పేరు సరిపోదు. అబద్ధమన్న పేరు అసలే సరిపోదు. మరి దీనిని ఏమనాలి, దీనికి బాధ్యత ఎవరిది అన్నది నైతిక విచారణకు తగిన ప్రశ్న. కాళ్లకూరి నారాయణరావు (1871–1927) రచించిన ‘వరవిక్రయం’ ఆ ప్రశ్నను తెలుగు రంగస్థలం మీద నిలిపిన నాటకం.

‘చింతామణి’, ‘మధుసేవ’ నాటకాలతో కలిపి ‘వరవిక్రయం’ను సాంఘిక దురాచార ఖండనగా చదవడం పరిపాటి. వేశ్యావ్యసనం, మద్యపానం, వరకట్నం అనే మూడింటి మీద మూడు నాటకాలు అన్న వర్గీకరణ పాఠ్యబోధనకు అనుకూలమైనది. ఆ పఠనంలో పొరపాటు లేదు. కాని దురాచారాన్ని కేంద్రంగా తీసుకున్నప్పుడు దాని మధ్య నిలబడి నలిగిన మనుషులు కేవలం ఉదాహరణలుగా మిగిలిపోతారు. అందుచేత ఇక్కడ మూడు ప్రశ్నలు ప్రధానం. కుటుంబ సభ్యులలో ఒక్కొక్కరు వాస్తవాన్ని ఏ రూపంలో గ్రహించారు? ఏ ఆధారంతో దాని నుంచి తప్పుకొన్నారు? వారు తప్పుకొన్న వాస్తవం చివరికి ఎవరి మీద పడింది? ఈ ప్రశ్నల వెంట నడిచినప్పుడు తేలే విషయం ఒకటుంది. కుటుంబంలో వాస్తవాన్ని తప్పించుకోవడమంటే దానిని లేకుండా చేయడం కాదు; దాని భారాన్ని తనకంటే తక్కువ మాట చెల్లేవారి మీదికి దించడం.

కాలువ, భూమి, కట్నం

నాటకకర్త పుట్టిన మత్స్యపురి వీరవాసరం పక్కన ఉన్న పల్లె. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడడానికి ముందే ఈ ప్రాంతం డెల్టా వ్యవసాయంతో పూర్తిగా మారిపోయింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదావరి నీరు ఏలూరు కాలువ గుండా నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వరకు ప్రవహించింది. కాలువ కింద పండిన వరి ధాన్యానికి దూరప్రాంతాల బజారు దొరికింది. అంతకు ముందు తిండిగింజలకు ఆధారమైన భూమి ఇప్పుడు అప్పుకు హామీగా, అమ్మకపు వస్తువుగా, పిల్లవాడి ఇంగ్లీషు చదువుకు పెట్టుబడిగా కూడా మారింది.

భూమి ఇలా రొక్కంగా మారగలిగిన చోట వివాహ సంబంధం కూడా రొక్కంలో మాట్లాడుకొనేదిగా మారడం వింత కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైనది 1892లో. అందులో అమ్ముడుపోయేది ఆడపిల్ల. ఇంచుమించు మూడు దశాబ్దాల తరువాత ‘వరవిక్రయం’లో అమ్ముడుపోయేది మగపిల్లవాడు. చదువుకున్న వరుడికి గిరాకీ పెరిగింది. ఆ గిరాకీకి వెల కట్టేవారు బయలుదేరారు. రెండు నాటకాలకూ తేడా వస్తువులో మాత్రమే ఉందనుకోవడం తొందరపాటు. కన్యాశుల్కం పుచ్చుకొనే తండ్రి సొమ్ము చేసుకుంటాడు. అతని ఆశను గర్హించడం సులభం. వరశుల్కం చెల్లించే తండ్రి నష్టపోతాడు. అతని మీద జాలి కలుగుతుంది. నష్టపోయేవాడిలో కూడా నైతిక బాధ్యత ఉంటుందా అన్న చిక్కు ‘వరవిక్రయం’తోనే మొదలవుతుంది.

కథ తెలిసినదే. ప్రభుత్వోద్యోగం మానుకొని జాతీయోద్యమ భావాలతో జీవిస్తున్న పురుషోత్తమరావుకు కాళింది, కమల అని ఇద్దరు కుమార్తెలు. భార్య భ్రమరాంబ ఒత్తిడితో, పేరయ్య మధ్యవర్తిత్వంతో, పిసినారి వడ్డీవ్యాపారి సింగరాజు లింగరాజు కొడుకు బసవరాజుకు కాళిందిని ఇచ్చేందుకు నిశ్చయిస్తారు. కట్నం 5,500 రూపాయలు. దానికోసం భూమి అమ్ముతారు. తన కోసం ఇల్లు గుల్లవుతున్నదని గ్రహించిన కాళింది ప్రాణం తీసుకుంటుంది. పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడానికి లింగరాజు నిరాకరిస్తాడు. అప్పుడు కమల అదే బసవరాజును పెళ్లాడడానికి ముందుకు వస్తుంది. పెళ్లయిన తరువాత అత్తవారింటికి వెళ్లడానికి నిరాకరించి, సొమ్మిచ్చి కొన్న వరుడు కొన్నవారి ఇంట ఉండాలని వాదిస్తుంది.

సూత్రం తెలిసిన తండ్రి

పురుషోత్తమరావు వరకట్నాన్ని మనసారా అసహ్యించుకుంటాడు. ఈ విషయంలో అతనిది నటన కాదు. ఉద్యోగాన్ని వదులుకున్న మనిషికి త్యాగం కొత్త కాదు. సొంత సుఖం విషయంలో అతను మాటకు కట్టుబడినవాడే. మరి కూతురి పెళ్లి దగ్గర ఎందుకు తడబడ్డాడు?

పిరికితనమన్న సమాధానం చాలదు. ఉద్యోగం విడిచినప్పుడు దాని మూల్యం చెల్లించినది ప్రధానంగా అతనే. కట్నం ఇవ్వనని భీష్మించుకుంటే చెల్లించవలసినది కాళింది. పెళ్లి కాని పిల్లగా నింద పడేది ఆమె. ‘నా సిద్ధాంతం కోసం బిడ్డను బలిపెట్టనా?’ అన్న సందేహం తండ్రికి కలగడం సహజం. ఈ సందేహానికి నైతిక విలువ ఉంది. ఒకరి ఆదర్శానికి మరొకరు మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

అయితే ఈ సందేహానికి సమాధానం చెప్పగలిగిన మనిషి అదే ఇంట్లో ఉంది. కాళింది అభిప్రాయం అడిగి ఉంటే చిక్కుముడి ఏ వైపునకు విడేదో తెలిసేది. కూతురి మేలు కోసమే తన సూత్రాన్ని వదులుకున్నానని భావించిన తండ్రి, ఆ మేలు ఏమిటో కూతురిని అడగవలసిన వాస్తవంగా గుర్తించలేదు. అతని తప్పు సూత్రాన్ని విడవడంలో లేదు, పట్టుకోవడంలోనూ లేదు. నిర్ణయాన్ని తనకూ తన మనస్సాక్షికీ మధ్య వ్యవహారంగా భావించడంలో ఉంది. భూమి అమ్మిన తరువాత అతనికి మిగిలిన బాధ కూడా ఒక రకమైన ఊరటే. తాను నష్టపోయాడు కనుక తాను దోషి కాడు. త్యాగం చేశానన్న తృప్తి, చేసిన పని ఏమిటో చూడనివ్వని తెరగా మారుతుంది.

ఇక్కడ చెహోవ్ ‘చెర్రీ ఆర్చర్డ్’ (1904)తో పోలిక ఉపకరిస్తుంది. ఆ రష్యన్ కుటుంబం కూడా భూమి పోగొట్టుకుంటుంది. వేలం తేదీ ముంచుకొస్తున్నా మాటమార్చి, పాత జ్ఞాపకాలు నెమరువేసుకుంటూ, ఏ పనీ చేయకుండా కూర్చుంటుంది. అక్కడ వాస్తవం నుంచి పలాయనం నిష్క్రియగా కనిపిస్తుంది. పురుషోత్తమరావు ఇంట్లో అందుకు భిన్నంగా అన్నీ చకచకా జరిగిపోతాయి. సంబంధం కుదురుతుంది, భూమి అమ్ముడుపోతుంది, సొమ్ము చేతులు మారుతుంది. పనిచేస్తున్నామన్న హడావుడే ఆలోచనకు అడ్డుపడుతుంది. తెలుగు కుటుంబంలో పెళ్లి ఏర్పాట్ల వేగం ఎరిగినవారికి ఈ పలాయనం స్వరూపాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

లోకం తెలిసిన తల్లి

విమర్శలోనూ ప్రదర్శనలోనూ భ్రమరాంబకు న్యాయం జరగలేదు. భర్త ఆదర్శాన్ని చెడగొట్టిన మూర్ఖురాలిగా ఆమెను చూపడం తేలిక. కాని ఆమె స్థానంలో నిలిచి చూస్తే మరొక దృశ్యం కనిపిస్తుంది. బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది 1929లో. అంతకు ముందు బ్రాహ్మణ కుటుంబాలలో ఈడు దాటిన పిల్ల ఇంట్లో ఉండడం తల్లికి గుండెల మీద కుంపటి. వీధిలో, పేరంటంలో, నీళ్ల రేవులో ఆ మాట పడవలసినది ఆమె. ఉద్యోగం విడవాలన్నది భర్త నిర్ణయం. అమ్మడానికి ఉన్న భూమి భర్తది. ఆమెకు చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, మాట. ఆ మాటతోనే ఆమె ఒత్తిడి చేస్తుంది.

భ్రమరాంబకు తాను వాస్తవం వైపు ఉన్నానన్న నమ్మకం ఉంది. తెలుగులో ‘లోకం’ అన్న మాటకు రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయి. ‘లోకం తెలిసిన మనిషి’ అన్నప్పుడు ఉన్నది ఉన్నట్లు ఎరిగిన మనిషి అని అర్థం. ‘లోకం ఏమనుకుంటుంది’ అన్నప్పుడు నలుగురి నోళ్లు అని అర్థం. మొదటిది వాస్తవం. రెండవది ఆ వాస్తవం గురించి నలుగురి తీర్పు. ఒకే మాట రెండింటికీ చెల్లుబాటు కావడం వల్ల నలుగురి తీర్పును లెక్కచేయనివాడు వాస్తవం తెలియనివాడిగా జమ అవుతాడు. భ్రమరాంబ దృష్టిలో భర్త పుస్తకాల మనిషి. తాను లోకం తెలిసిన మనిషి.

ఆమెకు తెలిసిన లోకంలో ఒక ముఖ్యమైన విషయం లేదు. ఇస్తున్న సొమ్ము కూతురికి చెందడం లేదు. పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఇచ్చే భూమికి, లాంఛనాలకు ఏదో మేరకు ఆమె సొత్తన్న పేరైనా ఉంటుంది. లింగరాజు పుచ్చుకునే రొక్కానికి అదీ లేదు. అది అతని పెట్టెలోకి పోతుంది. కూతురి భద్రత కోసమని ఇచ్చే ధనం కూతురికి ఏ భద్రతనూ ఇవ్వదు. పైగా ఆమె పుట్టింటికి ఉన్న ఆసరాను తీసివేస్తుంది. లోకరీతి తెలిసిన తల్లికి ఈ చిన్న లెక్క కనిపించకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. ఆ లెక్క చూస్తే తన జీవితమే ప్రశ్నార్థకమవుతుంది. తాను నడిచిన దారి తప్ప వేరే దారి లేదన్న విశ్వాసం మీదనే ఆమె ఇల్లు నడిపింది.

భార్యాభర్తల మధ్య అప్రకటితమైన శ్రమ విభజన ఒకటి ఇక్కడ స్పష్టమవుతుంది. భర్త ధర్మం మాట్లాడతాడు, భార్య లోకం మాట్లాడుతుంది. భార్య ఒత్తిడి చేసింది కనుక భర్త మనస్సాక్షి నిర్మలంగా ఉంటుంది. భర్త సంతకం చేశాడు కనుక భార్యకు కర్తృత్వం అంటదు. ఎవరికి వారు తమ భాగం మాత్రమే చేశారు. మొత్తం పని ఎవరూ చేయలేదు.

ఈ లక్షణం తెలుగు రంగస్థలానికి కొత్త కాదు. కాళ్లకూరి కంటే ఒక ఏడాది చిన్నవాడైన దివాకర్ల తిరుపతి శాస్త్రి అదే జిల్లాలోని యండగండిలో పుట్టినవాడు. ఆయన చెళ్లపిళ్ల వెంకట శాస్త్రితో కలిసి రచించిన ‘పాండవోద్యోగ విజయాలు’ ఈ డెల్టా పల్లెలకు కంఠస్థం. అందులోని ధృతరాష్ట్రుడికి కొడుకు చేసేది అధర్మమని తెలుసు. తెలిసినా కొడుకు మొండితనం మీదికి, విధి మీదికి దానిని నెడతాడు. పురుషోత్తమరావు ఇల్లు హస్తినాపురం కాదు, అతను దుర్మార్గుడూ కాదు. అయినా తెలిసిన ధర్మాన్ని మరొకరి మొండితనం చాటున వాయిదా వేయడంలో ఇద్దరికీ పోలిక ఉంది. పౌరాణికంలో చూసి గర్హించిన గుణాన్ని సాంఘికంలో తమ ఇంటి పెద్దలో గుర్తుపట్టవలసి రావడమే ‘వరవిక్రయం’ ప్రేక్షకులకు ఎదురైన ఇబ్బంది.

వెల తెలిసిన వరుడి తండ్రి

వాస్తవాన్ని చూడడమే సద్గుణమైతే నాటకంలో అందరికంటే గుణవంతుడు లింగరాజు కావాలి. అతనికి భ్రమలు లేవు. పెళ్లి బేరమని అతనికి తెలుసు. ధర్మమనీ సంప్రదాయమనీ దానికి ముసుగు వేయవలసిన అవసరం కూడా అతనికి అంతగా లేదు. కాళింది మరణం అతనికి దుఃఖం కాదు, పూర్తికాని వ్యవహారం. సొమ్ము తిరిగి ఇవ్వకపోవడంలో కూడా అతని తర్కం అతనికి ఉంది.

ఈ పాత్ర ఒక హెచ్చరిక. ఉన్నదున్నట్లు చూడడం, దానిని ఎదుర్కోవడం ఒకటి కావు. లింగరాజు ఉన్నదానిని చూసి దానితో లాభపడతాడు. వాస్తవం అతని నుంచి ఏమీ కోరదు. పురుషోత్తమరావు ఉండవలసినదానిని చూస్తాడు. భ్రమరాంబ నలుగురు అనేదానిని చూస్తుంది. లింగరాజు దొరికేదానిని చూస్తాడు. ముగ్గురి చూపూ ఒకచోట ఆగిపోతుంది. పెళ్లిపీటల మీద కూర్చోవలసిన పిల్ల వరకు ఏ చూపూ చేరదు.

భారం మోసిన పెద్దకూతురు

కాళింది ఈ ఇంట్లో లెక్క పూర్తిగా చూసిన మొదటి వ్యక్తి. భూమి పోతున్నది తన పేరున. తన తరువాత చెల్లెలు ఉంది. తల్లిదండ్రుల వార్ధక్యం ఉంది. వీటన్నిటినీ కూడి చూస్తే మిగులు తన ప్రాణమే అయినట్లు ఆమెకు తోచింది. పెద్దలు వాయిదా వేసిన వాస్తవం ఇంటిలో అందరికంటే మాట చెల్లని మనిషి మీద ఒక్కసారిగా పడింది.

ఈ మరణాన్ని త్యాగంగా కీర్తించడం నాటకానికి అపచారం. త్యాగమన్న మాట తండ్రి భూమి అమ్మినప్పుడు ఏ పని చేసిందో ఇక్కడా అదే చేస్తుంది: జరిగినదాని మీద తెర వేస్తుంది. కాళింది ఎంచుకున్నది మరణమని చెప్పడం కంటే, ఎంచుకోవడానికి ఆమె ముందు మరే దారినీ ఎవరూ ఉంచలేదని చెప్పడం సత్యానికి దగ్గర. ఆమె ముందు ఉండవలసిన దారి ఒకటుంది. ‘ఈ పెళ్లి వద్దు’ అన్న ఆమె మాట చెల్లడం. ఆ దారిని మూసినవారిలో ఆమెను ప్రేమించినవారే ఎక్కువ.

ఇబ్సెన్ ‘వైల్డ్ డక్’ (1884) నాటకంలోనూ పెద్దల లెక్కలకు బలైనది హెడ్విగ్ అనే బాలిక. అక్కడ కుటుంబం ఒక రహస్యం మీద నిలిచి ఉంటుంది. ఆదర్శవాది అయిన స్నేహితుడు ఆ రహస్యాన్ని బయటపెడతాడు. పర్యవసానంగా పిల్ల చనిపోతుంది. సామాన్య మానవుడికి బతుకు గడవాలంటే ఒక అబద్ధం అవసరమన్న వాదం ఆ నాటకంలోని ఒక పాత్ర నోట వస్తుంది. ‘వరవిక్రయం’ పక్కన పెట్టి చూస్తే ఆ వాదం పరిధి తెలుస్తుంది. పురుషోత్తమరావు ఇంట్లో రహస్యం లేదు, బయటపెట్టవలసిన నిజమూ లేదు. నిజం పట్టపగలు అందరి మధ్యే ఉంది. కనుక కాళింది మరణానికి నిజం కారణమనీ చెప్పలేము, అబద్ధం కారణమనీ చెప్పలేము. తెలిసిన నిజానికి ఎవరూ పూచీపడకపోవడమే కారణం. నిజం చెప్పాలా దాచాలా అన్న పాశ్చాత్య నాటక చర్చలో ఇమడని సమస్య ఇది.

ఒప్పందాన్ని అక్షరాలా చదివిన చిన్నకూతురు

కమల చేసిన పని వింతగా తోస్తుంది. అక్క చావుకు కారణమైన సంబంధాన్నే ఆమె ఒప్పుకుంటుంది. పైకి చూస్తే ఇది లొంగుబాటు. కాని పెళ్లి తరువాత ఆమె వాదన విన్నప్పుడు దాని అంతరార్థం తెలుస్తుంది. పెద్దలందరూ బేరాన్ని బేరమని పిలవకుండా జరిపించారు. కమల దానిని ఆ పేరుతోనే పిలుస్తుంది. కొన్న వస్తువు కొన్నవాడి ఇంట ఉండాలన్న బజారు న్యాయాన్ని అక్షరాలా అమలు చేయమంటుంది. కట్నం పుచ్చుకున్నవాడు తన మాటకే చిక్కుతాడు: అది అమ్మకం కాదంటే సొమ్ము ఎందుకు పుచ్చుకున్నట్లు? అమ్మకమే అంటే కొడుకు మీద హక్కు ఎక్కడిది?

ఆనాటి చట్టం నేపథ్యంలో ఈ వాదన మరింత పదునైనది. భార్య కాపురానికి రాకపోతే భర్త దావా వేసి రప్పించుకోవచ్చు. 1880లలో బొంబాయిలో రఖ్మాబాయి కేసు దేశమంతటా సంచలనం కలిగించింది. భర్త దగ్గరికి వెళ్లు, లేదా జైలుకు వెళ్లు అని 1887లో కోర్టు ఆమెను ఆదేశించింది. భార్య భర్తకు చెందినదన్న భావన ఆ దావాలకు పునాది. కమల ఆ భావనను తిరగేసి చూపుతుంది. చెందడానికి కొనడమే ఆధారమైతే ఇక్కడ చెందినది వరుడు.

అయినా కమల విజయాన్ని పరిపూర్ణ పరిష్కారంగా స్వీకరించడానికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, ఆమె వాదన మనుషులను వస్తువులుగా చూసే భాషలోనే సాగింది. విక్రయాన్ని ఖండించడానికి ఆమె విక్రేత భాషనే వాడవలసి వచ్చింది. రెండవది, ఈ గెలుపుకు ఆమె పెట్టుబడి తన సొంత దాంపత్యం. అక్క ప్రాణం ఇచ్చింది, చెల్లెలు జీవితం ఇచ్చింది. ఇక్కడా చెల్లించినది ఆడపిల్లే. ఈ అభ్యంతరాలు నాటకానికి వెలితి కావు. పెద్దలు తొలినాడే పూచీపడి ఉంటే సరిపోయే చోట పిల్లలు ఎంత భారీ మూల్యం చెల్లించవలసి వచ్చిందో ఇవి తెలుపుతాయి. కమలకూ కాళిందికీ తెలివిలో తేడా లేదు. కాళింది భారాన్ని ఒంటరిగా, మౌనంగా మోసింది. కమల దానిని పదిమంది ముందు పెట్టి, ఎవరి భాగం ఎంతో తేల్చమని అడిగింది. వాస్తవాన్ని ఎదుర్కోవడమంటే చూడడం మాత్రమే కాదు, ఆ చూపును నలుగురిలో మాటగా నిలపడం కూడా అన్న సంగతి ఈ పాత్ర వల్ల స్థిరపడుతుంది.

ప్రేక్షకుడి వంతు

ఈ నాటకం గోదావరి జిల్లాల సమాజాల చేతుల్లో ఊరూరా తిరిగింది. 1939లో సి. పుల్లయ్య దీనిని చలనచిత్రంగా తీశారు. కాళిందిగా భానుమతికి అదే తొలి చిత్రం. కమల పాత్ర ధరించిన పుష్పవల్లి తాడేపల్లిగూడెం దగ్గర పెంటపాడు పిల్ల. లింగరాజుగా నటించినది ‘సత్య హరిశ్చంద్ర’ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం. సత్యం కోసం సర్వమూ పోగొట్టుకున్న రాజు కథ రాసిన కవి, సత్యంతో పనిలేని పిసినారిగా నవ్వించాడు. లింగరాజు పాత్ర నేటికీ తెలుగువారికి గుర్తుండడానికి ఆ నవ్వే ప్రధాన కారణం.

కాని ఆ నవ్వులో ఒక ప్రమాదం ఉంది. పిసినారిని చూసి నవ్వే ప్రేక్షకుడు తాను పిసినారిని కాననుకుంటాడు. కాళిందికి కన్నీరు కార్చినవాడు తన బాధ్యత తీరిందనుకుంటాడు. నాటకం చూసి తిరిగివచ్చిన ఇంట్లో మర్నాడు పెళ్లి మాటలు జరిగితే, అడిగేవారు లింగరాజులా కాకుండా మర్యాదగానే అడుగుతారు; ఇచ్చేవారు అడగకముందే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో, దేశమంతటా 1961లో వరకట్న నిషేధ చట్టాలు వచ్చాయి. 1983, 1986 సంవత్సరాల సవరణలు భారత శిక్షాస్మృతిలో వేధింపును, వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరాలుగా చేర్చాయి. 1986 నాటి రాష్ట్ర సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు కల్పించాయి. కట్నం ఇచ్చాం కనుక భాగం అక్కరలేదన్న మాట మాత్రం ఈనాటికీ వినిపిస్తుంది. చట్టం తెలియక అనే మాట కాదది. తెలిసే అంటారు. పురుషోత్తమరావు కుటుంబం నాటకంతో ముగిసిపోలేదనడానికి అదే నిదర్శనం.

భారాన్ని కిందికి దించే ఈ తీరు ఇంటి గడప దగ్గర ఆగదు. ఈ ప్రాంతంలోనే దానికి పెద్ద ఉదాహరణ కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలోని ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేస్తే నీటి నడక అడ్డగిస్తుందని అక్కడ తెలియనివారు లేరు. 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినా గట్లు తగ్గలేదు. ప్రతివారి దృష్టిలో నీటికి అడ్డం అవతలివారి గట్టే. చివరకు 2006లో ప్రభుత్వం చెరువులను పగలగొట్టించింది. పెట్టుబడి పెట్టినవారికి వేరే చోటు దొరికింది. సరస్సు తప్ప ఆధారం లేని వేటగాళ్లకు, కూలీలకు దొరకలేదు. అందరూ ఎరిగిన నిజాన్ని అందరూ వాయిదా వేసినప్పుడు, వాయిదాలో లాభపడినవారు ఒకరు, తుదిరోజున చెల్లించేవారు మరొకరు. కాళింది ఇంటి లెక్కకూ కొల్లేటి లెక్కకూ ఇంతవరకు పోలిక ఉంది. ఒకచోట మాట చెల్లని కూతురు, మరొకచోట మాట చెల్లని పేదవాడు.

ముగింపు

‘వరవిక్రయం’లోని కుటుంబం వాస్తవాన్ని చూడలేని కుటుంబం కాదు. తండ్రికి ధర్మం తెలుసు, తల్లికి లోకం తెలుసు, వియ్యంకుడికి వెల తెలుసు. తెలిసినదానికి తన వంతుగా తాను ఏమి చెల్లించాలన్న ప్రశ్న దగ్గర మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క ఆధారం వెతుక్కున్నారు. త్యాగం, పరువు, వ్యవహారం అన్నవి ఆ ఆధారాల పేర్లు. వాటి చాటున కదిలిన భారం కాళింది దగ్గరకు చేరి ఆగింది.

దీనిని బట్టి కుటుంబ నైతికతకు సంబంధించి ఒక పరీక్షను సూత్రీకరించవచ్చు. ఇంట్లో ఒక నిర్ణయం జరిగినప్పుడు అది ధర్మమా అన్న ప్రశ్న, లోకం ఒప్పుతుందా అన్న ప్రశ్న రెండూ అవసరమే. వాటికంటే ముందు అడగవలసినది మరొకటి: దీని మూల్యం చెల్లించేది ఎవరు, వారిని అడిగారా? పురుషోత్తమరావు ఇంట్లో ఈ ప్రశ్న వేయడానికి పెద్ద చదువు గాని గొప్ప ధైర్యం గాని అవసరం లేదు. కూతురిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని అడిగితే చాలు. ఆ సంభాషణ జరిగి ఉంటే నాటకం అక్కడే ముగిసేది, కాళింది బతికేది.